గాలి ఆగినప్పుడు కొట్టిన గంట

ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు చదువు చెప్పాను. ఆ పనిలో కష్టమైనవి చాలా ఉంటాయి. మొండిపిల్ల చేత గుణింతం పలికించాలి. పెళ్ళి కుదిరిందని నాలుగో తరగతిలోనే బడి మానిపించే తండ్రికి నచ్చజెప్పాలి. అన్నిటికన్నా తేలికైనది సెలవు గంట కొట్టడం. నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ తేలిక పనిలోనే జరిగింది. కొత్తగా బడిలో పంతులమ్మలుగా చేరిన అమ్మాయిలూ, మీరు ఇది చదివి నవ్వుకున్నా సరే, సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు శంషాబాద్ అంటే అందరూ విమానాల మాటే ఎత్తుతారు. నేను చెప్పేది నలభైల నాటి సంగతి. అప్పుడు అక్కడ జొన్న చేలు, తాటివనాలు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఎక్కించి మరిచిపోయినట్టున్న పెద్ద పెద్ద బండలు ఉండేవి. నేను ఏ బడిలోనూ చదవలేదు. మా బాపు ఇంట్లోనే ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు, లెక్కలు నేర్పాడు, పురాణం చదివించాడు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చాను. ఆడపిల్లలకు తెలుగు చెప్పే మనిషి కావాలని ఊరి పెద్దలు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు.

"ఏం చదివినవమ్మా?" అని అడిగారు.

"మా బాపు చెప్పినంత" అన్నాను.

దాంతో పెద్ద పంతులమ్మనైపోయాను. దేవుడి దయ అని రోజూ దీపం దగ్గర తలుచుకునే వాటిలో నాకు అది మొదటిది.

మూడో ఏడు మా బడికి రెండో పంతులమ్మ వచ్చింది. బందరు మనిషి. భర్తకు రైల్వేలో పని, మా ఊరి పక్కనే ఉన్న ఉందానగర్ స్టేషనుకు మారారు. పరీక్షలు ప్యాసై, ట్రైనింగు కాగితం పెట్టెలో పెట్టుకొని వచ్చింది. ఆమెకు ప్రతిదానికీ "మావైపు". మావైపు చింతపండు ఇంత పుల్లగా ఉండదండి. మావైపు పిల్లలు ఇట్లా అరవరండి. మావైపు వానంటే ఇది కాదండి, ఇది తుంపర.

మా బడి ఆయమ్మ చీపురు చంకన పెట్టుకొని, ఆమె నడిచినట్టే చిన్న చిన్న అడుగులు వేస్తూ, "మావైపు చీపురు దానంతట అదే ఊడుస్తదండీ" అనేది. పిల్లలు పొర్లి పొర్లి నవ్వేవాళ్ళు. నేను ఆయమ్మను మందలించాలి. మందలించలేదు. ఆ ట్రైనింగు కాగితం నాకు లోపల గుచ్చుకుంటూ ఉండేది, అందుకని ఆ నవ్వు నాకూ కొంచెం హాయిగానే ఉండేది. నిజం చెప్పాలి కదా.

బడి అంటే ఒక రైతు కుటుంబం వాడకుండా వదిలేసిన పెంకుటిల్లు. ఒకటే పెద్ద గది. ఉత్తరం గోడ రాతిది, దానికే వాకిలి, ముందు వసారా. మిగతా మూడు గోడలూ మట్టివి. వసారా దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. ఇనుప కమ్మీతో కొడితే అదే మా గంట. బయటి ఊళ్ళ పిల్లలకు ఒక నియమం పెట్టుకున్నాం. వాళ్ళ ఊరి పెద్దమనిషి ఎవరైనా వస్తేనే పంపాలి. కొత్వాల్‌గూడ నుంచి తొమ్మిదిమంది వచ్చేవాళ్ళు. దారిలో తాటివనం, బండలు, ఒక వాగు.

దీపావళి వెళ్ళి వారమైంది. రెండు రోజులుగా ముసురు. ఆ పొద్దున జల్లు పడుతున్నా పిల్లలు గోనెసంచులు నెత్తిన కప్పుకొని వచ్చారు. హాజరు పిలిచాను. రెండో పాఠం సగంలో ఉండగా ఉత్తరం నుంచి గాలి మొదలైంది. మొదట పలకల మీది సుద్దపొడి లేచింది. తర్వాత పెంకులు కదిలాయి. వాకిలి తలుపు ఒక్కసారిగా భళ్ళున తెరుచుకుంది. నేనూ ఆయమ్మా కలిసి దాన్ని మూసి, బెంచీ, పలకల పెట్టె అడ్డం పెట్టాం. ఆయమ్మ వాటికి వీపు ఆనించి కూర్చుంది. పిల్లలందర్నీ గాలికి దూరంగా దక్షిణం గోడకు చేర్చాం. ఎవరూ కొట్టకుండానే బయట పట్టా ముక్క స్తంభానికి తగిలి మోగుతూనే ఉంది.

కొత్వాల్‌గూడ పిల్లల్లో అందరికన్నా చిన్నది నా ఒళ్ళో కూర్చుంది. ఆరేళ్ళది. "పంతులమ్మా, గంట కొడుతున్నరు, ఇంటికి పోదామా?" అని చెవిలో అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అందరం రామనామం అందుకున్నాం. ఈ పిల్లల్ని క్షేమంగా ఇళ్ళకు చేర్చు తండ్రీ, ఏడాది పాటు శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటాను అని మొక్కుకున్నాను. మొక్కు పూర్తి చేసి కళ్ళు తెరిచానో లేదో, గాలి ఆగింది.

మెల్లగా తగ్గడం అంటూ లేదు. పట్టా ముక్క చప్పుడు ఠక్కున నిలిచిపోయింది. తలుపు తీసి చూస్తే ఎండ. నడినెత్తిన గుండ్రంగా నీలాకాశం, చుట్టూ నలువైపులా దూరాన మబ్బు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. తాటిమట్టలు ఒక్కటీ కదలడం లేదు. చెవుల్లో ఏదో అదిమినట్టు ఉంది. పిల్లలు కేరింతలు కొడుతూ వాకిట్లోకి దూకారు. నేను సూర్యుడికి దండం పెట్టాను. అంత తొందరగా నా మొర ఎవరూ విన్నది లేదు, కళ్ళ నీళ్ళు కారిపోయాయి.

వాకిట్లో, బురదలో, ఒక తెల్లని పక్షి కూలబడి ఉంది. కొంగ అనుకున్నాను. బందరు పంతులమ్మ వెళ్ళి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. రెక్క విప్పి చూసింది.

"అక్కగారూ, ఇది సముద్రం మీది పిట్ట" అంది. "చేపల పడవల వెంట తిరుగుతుంది. గాలి దీన్ని తన కడుపులో పెట్టుకొని ఇంత దూరం తెచ్చింది. గాలి దాటిపోతే ఇదీ పోయేది. మనమింకా దాని లోపలే ఉన్నామండి."

"లోపలేంది చెల్లె? ఎండ కనబడ్తలేదా?"

"మావైపు గాలివాన ఇట్లాగే నడుమ ఆగుతుంది. జనం బయటికొస్తారు. మళ్ళీ వస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి."

ఆమె నోట ఆ "మావైపు" రాకుండా ఉంటే నేను వినేదాన్నేమో. ఆయమ్మ వెంటనే అందుకుంది. "ఇగో, షురువైంది! వాళ్ళ దిక్కు గాలి నడుమల బువ్వ తినపోతదట." పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంతసేపు ఏమని వేడుకున్నం చెల్లె? విన్నడు. విన్నంక గూడ నమ్మకపోతే ఎట్ల?" అన్నాను.

"దేవుడు విన్నాడు, కాదనను అక్కగారూ. గాలి విన్నదో లేదో ఒక్క గంట చూద్దాం."

అప్పుడే ఆ చిన్నపిల్ల తండ్రి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, తల మీద గొంగడి. "పంతులమ్మా, గాలి ఆగింది. మా ఊరి పోరగాండ్లను జల్దీ తోలుండ్రి. మల్ల వాన అందుకుంటే వాగు దాటనియ్యది. చేన్ల నా వరికుప్ప ఏమైందో ఏమో, పానం కొట్టుకుంటుంది."

నియమం ప్రకారం పెద్దమనిషి వచ్చాడు. ఎండ ఉంది. దేవుడు విన్నాడు. నేను ఇనుప కమ్మీ తీసుకున్నాను. బందరు పంతులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కొట్టకండి" అంది. పిల్లలంతా చూస్తున్నారు, ఆయమ్మ చూస్తోంది.

"ఈ బడికి పెద్ద పంతులమ్మను నేను" అని చెయ్యి విడిపించుకొని గంట కొట్టాను.

ఊళ్ళో పిల్లలు నిమిషంలో ఇళ్ళకు పరుగెత్తారు. మిగతా పల్లెల పిల్లలు పదకొండుమంది తమవాళ్ళ కోసం ఉండిపోయారు. కొత్వాల్‌గూడ తొమ్మిదిమందీ పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన ఆ రైతు వెనక వరుస కట్టారు. బందరు పంతులమ్మ పక్షిని ఆయమ్మ చేతిలో పెట్టి, కొంగు నడుముకు బిగించి, చెప్పులు విడిచేసింది.

"నేనూ వాళ్ళతో వెళ్తాను" అంది. "మీరు ఒక్క మాట వినండి. ఉన్న పిల్లల్ని దక్షిణం గోడ దగ్గర కూర్చోబెట్టకండి. ఈసారి గాలి అటునుంచే. ఇటు, రాతిగోడకు చేర్చండి."

"సరే, అట్లనే" అన్నాను. నమ్మి అన్న మాట కాదు. ఆమె ముందు నుంచి కదిలితే చాలనుకుని అన్నాను. అయినా అన్న మాట కదా అని పిల్లల్ని లేపి ఇవతలికి మార్చాను. ఆయమ్మ గొణిగింది. "పొద్దుగాల ఆ దిక్కు, ఇప్పుడీ దిక్కు, పిల్లలా పిల్లికూనలా" అని.

అరగంట గడిచిందేమో. వెలుతురు పసుపు రంగుకు తిరిగింది. తెరిచిన వాకిట్లోంచి పట్టా ముక్కను చూస్తున్నాను. అది ముందు వణికింది, తర్వాత ఒరిగింది. పొద్దున గది వైపు ఒరిగింది, ఇప్పుడు బయటి వైపు.

దక్షిణం నుంచి వచ్చిన గాలి ముందు పెంకులను పట్టుకుపోయింది. తర్వాత దక్షిణం గోడ లోపలికి ఉబ్బింది. రెండు రోజుల ముసురులో నానిన మట్టి. గోడ కూలి, పొద్దున మేమంతా కూర్చుని రామనామం చెప్పిన చోటే కుప్పగా పడింది. ఒక పలకల సంచీ దాని కింద ఉండిపోయింది. మేము రాతిగోడకు కరుచుకొని కూర్చున్నాం. పదకొండుమంది నా కింద, ఆయమ్మ కింద. ఆయమ్మ ఒళ్ళో ఆ పక్షి.

నాకు ఒక్కటే ఆలోచన. తొమ్మిదిమంది దారిలో ఉన్నారు. వాగు దగ్గరున్నారా, తాటివనంలో ఉన్నారా? ఇందాకే పనైపోయిందని దండం పెట్టి వచ్చినదాన్ని, మళ్ళీ ఏ ముఖంతో అడగను? ఆయమ్మ నా భుజం కదిపి అరిచింది. "అక్కా, మల్ల మొక్కు! ఆయనకేం కోపముండది, మొక్కు!" అప్పుడు మొక్కాను. ఒక్కపొద్దుల మాట ఎత్తలేదు. తప్పు నాది, పిల్లలది కాదు అని మాత్రం చెప్పుకున్నాను.

పొద్దు ఇంకా ఉండగానే గాలి సన్నగిల్లింది. ఈసారి ఠక్కున ఆగలేదు, కొద్దికొద్దిగా పోయింది. పిల్లల్ని ఆయమ్మకు అప్పగించి కొత్వాల్‌గూడ దారి పట్టాను. దారి అంటూ లేదు. తాటిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. కొంత దూరం పోయేసరికి ఆ రైతు ఎదురుగా పరుగెత్తుకొస్తూ కనిపించాడు, ఒంటరిగా. గొంగడి లేదు. నన్ను చూసి అక్కడే కూలబడ్డాడు.

"పిల్లలేరి?" అన్నాను.

"బండల కాడ ఇడిచిన అక్కా. కుప్ప చూసొస్త, మీరు పోతుండుండ్రి అన్న. ఇంతల్నే కమ్ముకొచ్చింది. చెట్టువట్టుకొని నేల మీద పన్న. నా బిడ్డ అక్కా..."

ఆయన్ను తిట్టే హక్కు నాకు లేదు. చెయ్యి పట్టి లేపాను. ఇద్దరం బండల వైపు నడిచాం. పేర్లు పెట్టి పిలిచాం. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత సన్నగా ఒక పాట లాంటిది. దగ్గరికి పోతే అది పాట కాదు, ఎక్కం. పదమూడో ఎక్కం. ఒక్కో గొంతు ఒక్కో మెట్టు చెబుతోంది. తొమ్మిది మెట్ల దాకా లెక్కపెట్టాను. తొమ్మిది గొంతులు. చివరిది తడబడుతూ, "పదమూడు తొమ్మిదులు... పంతులమ్మా, నేను మర్శిన" అంది. ఆ చిన్నదే. తండ్రి ఆ మాట విని గట్టిగా ఏడ్చాడు.

పెద్ద బండకు ఉత్తరం పక్కన, రెండు రాళ్ళ సందులో ఉన్నారు అందరూ. బందరు పంతులమ్మ సందు మూతికి అడ్డంగా కూర్చుని ఉంది. చిన్నదాన్ని కొంగులో చుట్టుకుంది. కుడి మణికట్టు తిరగరాని వైపు తిరిగి వేలాడుతోంది. పిల్లల్లో పెద్దది తర్వాత చెప్పింది. "మేమందరం పొద్దుగాల వచ్చిన గాలిని యాది చేసుకొని బండకు దక్షిణం పక్క దాక్కున్నం. పంతులమ్మ ఒక్కొక్కల రెక్క వట్టి ఉత్తరం పక్కకు గుంజింది. ఆఖరికి దీన్ని గుంజుతుంటె తాటిమట్ట వచ్చి చేతి మీద కొట్టింది. కండ్లు తెరవనియ్యలే గాలి. అందుకని ఎక్కం చెప్పమన్నది, ఎవరన్న సప్పుడు చెయ్యకుంటే ఎరుకైతదని."

నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "బడిలో పిల్లలు?"

"మంచిగున్నరు. గోడ పడ్డది."

"ఏ గోడ?"

"నువ్వు చెప్పిన గోడే."

ఆమె తలూపి కళ్ళు మూసుకుంది. అనవలసిన మనిషి అనకపోతే ఎంత బరువో నాకు ఆ రోజే తెలిసింది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సైన్సు మాస్టారు నాకు బొమ్మ గీసి చూపించారు. పెద్ద గాలివానకు నడుమ కన్ను ఉంటుందట. సముద్రం ఒడ్డున అది నిండుగా ఉంటుందట, మన మెట్ట నేల దాకా వచ్చేసరికి చాలా మటుకు చెదిరిపోతుందట. ఆనాడు మాకు చెదరకుండా వచ్చింది. ఆయన చెబుతుంటే నేను ఆ తెల్లపిట్టను తలుచుకున్నాను. అది మర్నాటికే చచ్చిపోయింది. ఆయమ్మ దాన్ని బడి వెనక పాతిపెట్టి, ఆ "మావైపు" ఆట కూడా కట్టిపెట్టింది.

పది రోజులకు బడి మళ్ళీ వసారాలో మొదలుపెట్టాం. కొత్వాల్‌గూడ పిల్లలు మాత్రం రాలేదు. ఇక పంపరేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ ఊరి ఆడవాళ్ళు ఏడుగురు వచ్చారు. ముందు నడిచే ఆమె చిన్నపిల్ల తల్లి. తాంబాళంలో బియ్యం, పసుపు, రవికగుడ్డ, ఎండుకొబ్బరి. పుట్టింటివాళ్ళు తమ ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యం అవి. ఆ తల్లి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పెద్ద బుద్ధిమంతురాలివి నువ్వు. పిల్లలెంబడి ఆ పంతులమ్మను తోలిస్తివి. లేకుంటే మా పోరగాండ్లు దక్కకపోదురు."

వాళ్ళకు చాప వేశాను. కుండలో నీళ్ళు ముంచి ఒక్కొక్కరికీ ఇచ్చాను. ఏడుగురికి నీళ్ళు ఇచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ ఏడు చెంబుల నీళ్ళు నాకు ఇప్పటికీ సిగ్గు. బందరు పంతులమ్మ అవతల చేతికి బద్దలు కట్టుకొని పలకలు దిద్దుతోంది, వినబడనట్టే తల వంచుకొని ఉంది. ఆఖరి చెంబు ఇచ్చి అక్కడే కూర్చున్నాను.

"నేను తోలియ్యలేదమ్మా" అన్నాను. "ఆమె వద్దన్నది. గంట కొట్టకు అని నా చెయ్యి వట్టుకున్నది. నేనే ఇనలేదు. నేనే పంపిన. ఆమె ఆగలేక ఎంబడి పోయింది."

ఆ తల్లి నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"మాకెరుకనే" అంది. "నా బిడ్డ అంత చెప్పింది. నువ్వు చెప్తవా లేదా అని చూసిన."

"చెప్పకపోతే?"

"ఇంక పిల్లలను ఈ బడికి తోలకపోదుము." పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చదువుకున్నామె గద, గింత మాట చెప్పనీకె గంతసేపా!"

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వాళ్ళు బందరు పంతులమ్మను పీట మీద కూర్చోబెట్టారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. ఒడి పట్టాలంటే రెండు చేతులు కావాలి, ఆమెకు ఒకటే ఉంది. అటువంటి శుభానికి భర్త పోయిన నాలాంటిదాన్ని ఎవరూ పిలవరు. నేనే పక్కకు జరిగి వసారా చివర నిలబడ్డాను. ఆమె తలెత్తి చూసింది.

"అక్కగారూ, ఈ కొంగు కాస్త పట్టుకోండి. నాకు చెయ్యి లేదు కదా."

ఎవరూ వద్దనలేదు. ఆ తల్లి బియ్యం చేతుల్లో పట్టుకొని నా కోసం ఆగింది. నేను వెళ్ళి కొంగు పట్టాను. దోసిలి దోసిలిగా అందులోకి బియ్యం పోశారు. రాముడు నాకు ఇచ్చినవి తలుచుకోమంటే ఆ బరువును కూడా తలుచుకుంటాను.

మర్నాటి నుంచి తొమ్మిదిమందీ వచ్చారు. ఆమె ఇంకో నాలుగేళ్ళు మాతో ఉంది. మణికట్టు వంకరగానే అతుక్కుంది. మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నమయ్యేసరికి నేను ఇనుప కమ్మీ తీసి ఆమె చేతికిచ్చి పక్కకు వచ్చేసేదాన్ని. ఆమె వసారాలో నిలబడి నాలుగు దిక్కులూ చూసి, తోచినప్పుడు, ఎడమచేత్తో కొట్టేది. ఎడమచేతి గంట కొంచెం మెత్తగా మోగేది. ఊళ్ళో తల్లులకు ఆ తేడా తెలిసిపోయింది. ఆమె రాని ఏ మబ్బు రోజునో నేను కొట్టిన గంట గట్టిగా వినబడితే గడప దాటి వచ్చి చూసేవాళ్ళట. మెత్తగా వినబడితే పొయ్యి మీద బువ్వ దించి, పిల్లలకు కంచాలు పెట్టేవాళ్ళట.